అడగకుండా చేసే పనులు

కొన్నేళ్ల కిందటి ఆ శుక్రవారం ఉదయం అక్కడ ఉన్నవాళ్లం ముగ్గురం: ఏలియా గారు, మల్లేశన్న, నేను. ఉన్న సామాను: ఒక కొబ్బరి చీపురు, ఒక ఇనుప బ్రష్షు, ఒక తాపీ, కొంచెం తెల్ల సిమెంటు వేసిన గమేళా, నాలుగు నీళ్ల క్యాన్లు, సబ్బుపొడి, టీ ఫ్లాస్కు, కాగితం కప్పులు. ఎదురుగా ఏలియా గారి భార్య దీనమ్మ గారి సమాధి, దాని మీద తల వైపు చిన్న చిన్న రాళ్లు. వెనక గడ్డిపోచ కూడా మొలవని గోధుమరంగు కొండ, దాని కింద ఎండిపోయిన వాగు, వాగు నిండా గులకరాళ్లు. మస్కట్‌లో ముస్లింలు కానివాళ్లని పూడ్చే చోటు అది. ఈ జాబితా నాకు ఇంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం ఉంది. ఆ ఉదయం అక్కడ ఉన్నవాటిలో కొన్ని, కాసేపటి తర్వాత లేవు.

పోయిన బుధవారం ఎస్తేరు ఫోన్ చేసింది. ఏలియా గారి ఒక్కగానొక్క కూతురు, బాపట్ల దగ్గర ఒక బడిలో టీచరు. నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది కానీ మేము ఎదురెదురుగా చూసుకున్నది లేదు. "అన్నయ్యా, నాన్న పోయారు. నిన్ననే సమాధి చేశాం. మాలో ఏడు రోజులు నేల మీద కూర్చుంటాం కదా, కూర్చున్నాను" అంది. ఆమే మళ్లీ అంది: "వీలైతే శుక్రవారం అమ్మ దగ్గరికి వెళ్లి ఒక ఫొటో తీసి పంపుతావా? తల వైపు నేను పంపిన నాపరాయి ముక్క ఉంటుంది, అది కనపడేట్టు తియ్యి. అది అక్కడే ఉందని నాన్న ఎప్పుడూ చెప్పేవారు." సరే అమ్మా అన్నాను. ఆ ముక్క అక్కడ లేదు. లేదని ఏలియా గారికీ తెలుసు, నాకూ తెలుసు.

నేను ఒమాన్ వచ్చిన కొత్తలో అల్ ఖువైర్‌లో ఒక పాత బిల్డింగులో ఉండేవాణ్ని. జగిత్యాల వైపు మాది. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి సర్వేయరుగా వచ్చాను. రెండో అంతస్తులో మా కంపెనీ రూమ్, దానికి ఎదురు తలుపు వాళ్లది. దీనమ్మ గారు హాస్పిటల్లో నర్సు, ఏలియా గారు మరో హాస్పిటల్లో ఎక్స్‌రే టెక్నీషియన్. గుంటూరు వైపు వాళ్లు. పేర్లు విని క్రైస్తవులనుకున్నాను. బతాకా మీద, అంటే ఇక్కడి రెసిడెంట్ కార్డు మీద కూడా అదే ఉండేది. కానీ అదే బిల్డింగులోని మిగతా కోస్తా నర్సులు చర్చికి పోయే రోజున ఈమె డ్యూటీకి పోయేది, ఈమె ఇంట్లో ఉండే శనివారం వాళ్లు ఈమె డ్యూటీ చేసేవాళ్లు. ఈ మార్పిడి ఏళ్ల తరబడి ఒక్క మాట తేడా లేకుండా నడిచిందట. గుంటూరు పల్లెల్లో తాము యూదులమని చెప్పుకుని, శనివారం పాటించి, ఆ ప్రార్థనలు నేర్చుకుని బతికే కొద్దిపాటి కుటుంబాలు ఉన్నాయని నాకు అప్పటిదాకా తెలియదు. మస్కట్‌లో అలాంటి ఇళ్లు మూడే. ఇంకా ఎక్కడో నీటిశుద్ధి ప్లాంటులో పనిచేసే ఒక తెల్ల ఇంజనీరూ ఆయన భార్యా. వీళ్లంతా శుక్రవారం సాయంత్రం దీనమ్మ గారింట్లో కూడేవారు. గుడి లేదు, బోర్డు లేదు, ఆ ఇల్లే అన్నీ.

ఆ ఇంటి గురించి మొదట నాకు తెలిసింది వాసన. శుక్రవారం పొద్దు వాలే ముందు ఆమె ఉలవచారు గిన్నెని ఎలక్ట్రిక్ ప్లేటు మీద సన్నని వేడికి పెట్టేసేది. ఇక మర్నాడు సాయంత్రం దాకా ఆ ఇంట్లో ఎవరూ పొయ్యి ముట్టుకోరు. శనివారం మధ్యాహ్నం నేను సగంపూట డ్యూటీ చేసుకుని మెట్లెక్కుతుంటే, మొదటి అంతస్తు మలుపు దగ్గరే ఆ చిక్కటి, కొంచెం మాడు కలిసిన వాసన ఎదురొచ్చేది. ఎండుద్రాక్ష నానబెట్టి మరిగించిన రసం తియ్యటి వాసన ఇంకోటి. తెల్లగుడ్డ కప్పిన రొట్టె, రెండు దీపాలు, దీపాలు వెలిగించి అరచేతులతో కళ్లు మూసుకుని నిలబడ్డ దీనమ్మ గారు. ఇవి తర్వాత తర్వాత చూశాను. ఉలవచారులోకి మీగడ వేసుకోవడం మా రూమ్‌లో మల్లేశన్నకి ఇష్టం. వాళ్లు మాంసమూ పాలూ కలిపి తినరు, ఆ ఇంట్లో మాంసం వండిన రోజు మీగడ గిన్నె బయటికే రాదు. మాకు పంపే గిన్నె పక్కన మాత్రం వేరే డబ్బాలో మీగడ వచ్చేది.

నేను వచ్చిన మొదటి వేసవిలో, ఒక శనివారం, నేను పైకెక్కేసరికి ఇద్దరూ తలుపు బార్లా తీసి గుమ్మంలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఏలియా గారి బనియను తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"ఏవబ్బాయ్, డ్యూటీ అయిందా?" అంది దీనమ్మ గారు.

"అయిందమ్మా. బయట కూసున్నరేంది?"

"లోపల ఉక్కగా ఉంది."

"ఏసీ నడుస్తలేదా?"

"పొద్దున ఆగిపోయింది."

"బ్రేకరు పడిందేమో."

"పడుంటుంది" అంది ఆమె.

నేను ఆమె అడుగుతుందని నిలబడ్డాను. ఆమె అడగలేదు. ఏలియా గారు కప్పు వైపు చూస్తున్నారు. ఇద్దరు పెద్దమనుషులు ఒక్క మీట ఎత్తడానికి బద్ధకించి ఉదయం నుంచి చెమటలో కూర్చున్నారా అని నాకు లోలోపల విసుగేసింది. లోపలికి పోయి బ్రేకరు ఎత్తాను. ఏసీ గుర్రుమంది. ఆమె థాంక్స్ కూడా చెప్పలేదు. గిన్నెలో ఉలవచారు పోసి చేతిలో పెట్టింది. రూమ్‌కి పోయి చెబితే మల్లేశన్న పగలబడి నవ్వాడు. "గాళ్లది గంతే తమ్మీ. శనారం నాడు ఫ్యాను ఎయ్యరు, ఎయ్యమని జెప్పరు. గుమ్మంల కూసోని ఉక్కపోస్తుందని వార్తలు జదువుతరు. ఇనెటోనికి ఇనవడాలె."

అది నిజంగా వాళ్ల పద్ధతే. ఆ రోజున వాళ్లు చేయకూడని పనిని ఇంకొకరిని చేయమని అడగకూడదు. ఉన్నమాట చెప్పవచ్చు. విన్నవాడు తన ఇష్టంతో చేస్తే అది వాడి పని. ఆ తర్వాత రెండేళ్లు ప్రతి శనివారం నేను రూమ్‌కి పోయే ముందు ఎదురు తలుపు తట్టేవాణ్ని. "వంటింట్లో చీకటిగా ఉంది" అనేది ఆమె. "ఫ్రిజ్జు తలుపు సరిగ్గా పడలేదేమో" అనేవారు ఆయన. ఆ గుమ్మం లోపలి వైపు, చెక్కకి వేలెడు పొడవు పెట్టె ఒకటి మేకులతో కొట్టి ఉండేది, ఒక పక్కకి ఒరిగి. లోపల వాళ్ల ప్రార్థన రాసిన తోలు ముక్క ఉంటుందట. వంకర చూస్తే నాకు నిద్ర పట్టదు. "అమ్మా, గిది వంకరున్నది. స్పిరిట్ లెవెల్ తెచ్చి సీదా కొట్టియ్యన్నా?" అని అడిగాను. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "వంకరగానే ఉండాలబ్బాయ్. ఎనకటికి మా పెద్దోళ్లిద్దరు పోట్లాడుకున్నారంట. ఒకాయన నిలువుగా కొట్టాలన్నాడు, ఇంకొకాయన అడ్డంగా అన్నాడు. ఎవరి మాటా పోకుండా ఇట్టా పెట్టుకున్నాం. నీ లెవెల్ ఇక్కడ పనికిరాదు."

వాళ్ల సేవలోకి నేను జారుకున్నది కూడా ఇలాగే, ఎవరూ పిలవకుండా. ఆ మూడు ఇళ్లవాళ్లకీ దీనమ్మ గారు పనులు పంచేది: ఒకరు జబ్బుపడ్డవాళ్లకి వండాలి, ఒకరు వాళ్ల దగ్గర కూర్చోవాలి, ఎవరైనా పోతే ఆడవాళ్లయితే ఆడవాళ్లు, మగవాళ్లయితే మగవాళ్లు స్నానం చేయించి తెల్లబట్ట తొడగాలి. జబ్బుపడ్డవాడు తమవాడై ఉండాలన్న నియమం ఆమె పెట్టుకోలేదు. వార్డుల్లో మన కూలీలు దిక్కులేకుండా పడి ఉండేవారు, భాష రాక, ఎవరికీ చెప్పుకోలేక. ఆమె డ్యూటీ దిగాక టిఫిన్ డబ్బా పట్టుకుని వాళ్ల దగ్గరికి పోయేది. నేను ఒమాన్ రాకముందు మల్లేశన్న ఆమెకి దొరికింది అక్కడే. నిజామాబాద్ జిల్లా మేస్త్రీ అతను. ఖురియాత్ సైట్‌లో సారవ మీద నుంచి పడి కాలు విరిగింది. అతను మంచం దిగేదాకా ఆమె అన్నం పెట్టింది. "నువ్వెవలమ్మా?" అని అడిగితే, "ముందు తినరా, తర్వాత అడుగుదువు గాని" అందట. మా కంపెనీ పికప్ నా దగ్గర ఉండేది కాబట్టి, ఒక రోజు ఆమె డబ్బాల సంచితో బస్ స్టాపులో నిలబడి ఉండడం చూసి ఎక్కించుకున్నాను. మర్నాడు ఆ వేళకి అక్కడికే పోయాను. రమ్మని ఆమె అనలేదు.

దీనమ్మ గారు హాస్పిటల్లోనే, మందుల ట్రే చేతిలో ఉండగానే కూలిపోయింది. గుండె. పక్కనే డాక్టర్లున్నా లాభం లేకపోయింది. ఇంటికి తీసుకుపోవాలంటే శవానికి మందులు ఎక్కించాలి, కాగితాలు కదలాలి, రోజులు పడుతుంది. వాళ్లలో చనిపోయినవాళ్లని నిలవ ఉంచకూడదు. ఏలియా గారు ఎస్తేరుతో ఫోన్లో చాలాసేపు మాట్లాడి, "ఇక్కడే" అన్నారు. మర్నాడు మధ్యాహ్నమే సమాధి చేశాం. మట్టి పోసేటప్పుడు మల్లేశన్న పార కోసం చెయ్యి చాచాడు. ఏలియా గారు చేతికి ఇవ్వలేదు. పారని మట్టికుప్పలో గుచ్చి పక్కకి తప్పుకున్నారు. దుఃఖాన్ని చేతి నుంచి చేతికి అందించకూడదట, ఎవరిది వాళ్లే తీసుకోవాలట. మల్లేశన్న పార పెరికి తీసుకుని, తన కాలు ఎప్పుడూ పూర్తిగా కుదురుకోలేదని కూడా మరిచిపోయి, ఆగకుండా పోశాడు. ఆ తర్వాత సమాధి కట్టింది కూడా అతనే. నేను తాడు కట్టి మూలలు లాగి ఇచ్చాను, అతను అంచులు తీర్చి నున్నగా పూత పూశాడు. మా కంపెనీ విల్లాలకి కూడా అంత శ్రద్ధగా పూయలేదు.

పూలు పెట్టరు వాళ్లు. వెళ్లిన ప్రతిసారీ ఒక చిన్న రాయి పెడతారు, ఎవరో వచ్చారని గుర్తుగా. ఏలియా గారు ప్రతి శుక్రవారం ఉదయం నా పికప్‌లో వచ్చేవారు. వాగులోకి దిగి, చాలాసేపు ఏరి, ఒకటి తెచ్చి తల వైపు పెట్టేవారు. సెలవులో ఇంటికి పోయి వచ్చినప్పుడు చొక్కా జేబులో ఒక నాపరాయి ముక్క తెచ్చారు. అగ్గిపెట్టెంత ఉంటుంది, బూడిదరంగు. వాళ్లింట్లో వంటగది గుమ్మం దగ్గర బండ మూల విరిగిందట. దీనమ్మ గారు కూరగాయలు తరిగేటప్పుడు కూర్చునే బండ. ఎస్తేరు ఆ ముక్కని రుమాల్లో చుట్టి పంపింది. ఆయన దాన్ని రాళ్లన్నిటికీ పైన, సరిగ్గా మధ్యలో పెట్టారు.

ఇక ఆ శుక్రవారం. ఏలియా గారికి అరవై నిండాయి, కాంట్రాక్టు మళ్లీ రాయలేదు, వీసా అయిపోతుంది. ఇంకో రెండు వారాల్లో వెళ్లిపోవాలి. పోయే ముందు సమాధిని ఒకసారి శుభ్రం చేయాలనుకున్నారు. సమాధి కట్టాక మళ్లీ ఖురియాత్ సైట్‌కి పోయి, అప్పుడే మస్కట్ తిరిగి వచ్చిన మల్లేశన్న తనూ వస్తానన్నాడు. కట్టిన తర్వాత అతను దాన్ని చూడడం అదే మొదలు. నేనూ ఏలియా గారూ బండి దగ్గర క్యాన్లలోకి నీళ్లు వంచుకుంటూ వెనకబడ్డాం. మేము గేటు దాటి వచ్చేసరికి మల్లేశన్న మోకాళ్ల మీద కూర్చుని బ్రష్షుతో రుద్దుతున్నాడు. పలక ఖాళీగా ఉంది. ఒక్క రాయి లేదు.

"సూడు సారూ" అన్నాడు మల్లేశన్న, చెమట తుడుచుకుంటూ. "ఎవలో పోరగాండ్లు నా పని మీద రాళ్లు గుమ్మరిచ్చిండ్రు. అన్నీ ఎత్తి గా వాగుల పారేసిన. సిమెంటుకు గీతలు వడ్డయ్. ఏం ఫికర్ జెయ్యకు, పూత పూస్త. అద్దం లెక్క జేస్త."

ఏలియా గారి చేతిలో క్యాను ఉంది. దాన్ని నెమ్మదిగా కింద పెట్టారు. నేను నోరు తెరవబోతే నా మోచెయ్యి పట్టుకున్నారు, గట్టిగా. సమాధి వైపు చూశారు, వాగు వైపు చూశారు. వాగంతా రాళ్లే.

"బాగా చేశావయ్యా మల్లేశా" అన్నారు. "తెల్లగా అయింది."

"అమ్మ పని గదా సారూ."

"అవును. అమ్మకి శుభ్రం ఇష్టం."

మల్లేశన్న టీ కప్పులు కడగడానికి పోయినప్పుడు నేను చెప్పాను: "సార్, చెప్దాం. ముగ్గురం కలిసి దేవులాడితే దొరుకుతది." ఏలియా గారు తల అడ్డంగా ఊపారు. "వద్దబ్బాయ్. ఒక మనిషి మొహం తెల్లబోయేట్టు చేస్తే వాడి రక్తం కళ్లచూసినట్టేనని మా పెద్దోళ్లంటారు. వాడు ప్రేమతో చేశాడు. దీన ఉంటే నన్నూ చెప్పనిచ్చేది కాదు." మళ్లీ, "పిల్లకి కూడా చెప్పొద్దు. అక్కడ తల్లి దగ్గర తన ముక్కొకటి ఉందనుకోవాలి" అన్నారు. తర్వాత వాగులోకి దిగి, ఎప్పటిలాగే ఏరి, ఒక రాయి తెచ్చి, పూత ఇంకా ఆరని పలకకి అంటకుండా కింది మెట్టు మీద పెట్టారు. మల్లేశన్న అప్పుడు ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అతను చూడలేదు.

మరుసటి శుక్రవారం ఏలియా గారిని ఇంట్లో దింపాక నేను ఒక్కణ్నే మళ్లీ పోయాను, తాడూ మేకులూ తీసుకుని. మల్లేశన్న విసిరితే రాయి ఎంత దూరం పడుతుందో అంచనా వేసి, ఆ మేర వాగుని గళ్లుగా విభజించి, ఒక్కో గడీ వెతికాను. నాకు వచ్చిన విద్య అది. కష్టం ఏమిటంటే ఆ కొండ రాయిలో సగం బూడిదరంగే. మధ్యలో మల్లేశన్న వచ్చాడు, పూత ఆరిందో లేదో చూసుకుందామని.

"ఏం దేవులాడుతున్నవ్ తమ్మీ?"

"సర్వే మేకొకటి వడ్డదన్నా. ఇత్తడిది."

"ఇత్తడిదైతే మెరుస్తది" అని అతనూ దిగాడు. ఎండ నెత్తిమీదికి వచ్చేదాకా, ఒక చేత్తో నొప్పి కాలు పట్టుకుని, మరో చేత్తో రాళ్లు తిరగేస్తూ, లేని మేకు కోసం నాతో వెతికాడు. అతని చేతికింద నుంచి ఎన్ని బూడిదరంగు ముక్కలు దొర్లిపోయాయో నేను చూస్తూ ఉన్నాను. వాటిలో అదీ ఉందేమో. దొరకలేదు.

ఏలియా గారిని ఎయిర్‌పోర్టులో నేనే దింపాను. ఒక పెట్టె, ఒక సంచి, గుమ్మం నుంచి ఊడదీసిన ఆ వంకర పెట్టె రుమాల్లో చుట్టి చొక్కా జేబులో. దీనమ్మ గారికి ఇక తోడు ఎవరూ లేరని, నువ్వు అప్పుడప్పుడు పోయి చూడమని అడుగుతారని దారంతా ఎదురుచూశాను. అడిగితే మాట ఇద్దామని సిద్ధంగా ఉన్నాను. ఆయన ట్రాలీ పట్టుకుని, లోపలికి తిరగబోతూ ఆగారు.

"అక్కడ ఎండ బాగా పడుద్దబ్బాయ్" అన్నారు.

అంతే అన్నారు. నేను నెల నెలా పోతూ వచ్చాను.

మల్లేశన్న ఆ తర్వాత ఏడాదికి ఉద్యోగం ఖల్లాస్ చేసుకుని ఇంటికి పోయాడు. పోయే ముందు అమ్మని చూస్తానంటే తీసుకుపోయాను. అతను పక్కన ఉన్నాడన్నది మరిచిపోయి, అలవాటుగా ఒక రాయి ఏరి తెచ్చి మిగతావాటి పక్కన పెట్టాను. అతను ఆ వరసని చూశాడు. నన్ను చూశాడు. వాగుని చూశాడు.

"నువ్వు ఆనాడు దేవులాడింది మేకు గాదు" అన్నాడు.

నేను వంగి రాళ్ల వరస సరిచేశాను.

"సారుకు ఎర్కనా?"

"ఎర్కే అన్నా."

మల్లేశన్న వంగి పలక అంచు మీద వేళ్లు ఆనించాడు. "బాగ జేసినవన్నడు" అన్నాడు. "తెల్లగైందన్నడు." తర్వాత కుంటుకుంటూ వాగులోకి దిగి, ఒక రాయి తీసి, బాటిల్లో నీళ్లతో కడిగి, భుజం మీది తువ్వాలుతో తుడిచి, తెచ్చి పెట్టాడు. బండిలో తిరిగి వస్తున్నంతసేపూ కిటికీ వైపే చూశాడు.

ఇప్పుడు నేను సమాయిల్ ప్రాజెక్టులో ఉన్నాను. మస్కట్ రావాలంటే శుక్రవారం తెల్లవారకముందే బయల్దేరాలి. ఆ మూడు ఇళ్లవాళ్లూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు, ఇంజనీరు దంపతులూ వెళ్లిపోయారు. శుక్రవారం సాయంత్రం మస్కట్‌లో ఎక్కడైనా ఆ రెండు దీపాలు వెలుగుతున్నాయో లేదో నాకు తెలియదు. నాకు తెలిసిన ఇళ్లలో వెలగడం లేదు. మొన్న ఫొటో కోసం వచ్చినప్పుడు అల్ ఖువైర్‌లో పాత బిల్డింగు ముందు బండి ఆపి మెట్లెక్కాను. మలుపు దగ్గర ఫినాయిల్ వాసన. ఎదురు తలుపు తెరిచి ఉంది, ఎవరో కొత్త కుర్రవాళ్లు సామాను దింపుకుంటున్నారు. గుమ్మం చెక్కకి రంగు వేశారు. రంగు కిందుగా రెండు మేకుల గుంటలు కనిపిస్తున్నాయి, ఒకటి పైన, ఒకటి కొంచెం పక్కకి. మాకప్పుడు ఒకరి అవసరం ఒకరికి చెప్పకుండానే తెలిసేది. ఇప్పుడు మా క్యాంపులో ఎవడికి జ్వరమొచ్చినా గ్రూపులో మెసేజ్ వస్తుంది, అందరం చేతులు జోడించిన బొమ్మ పెడతాం. నేనూ పెడతాను.

సమాధి దగ్గర ఈసారి రెండు రాళ్లు పెట్టాను, ఒకటి నాది, ఒకటి ఏలియా గారి పేరున. ఫొటో తీసి పంపాను. కాసేపటికే ఎస్తేరు ఫోన్ చేసింది.

"మా రాయి ఏదన్నయ్యా?"

"లేదమ్మా. ఒకసారి శుభ్రం చేసేటప్పుడు పోయింది. వెతికాను, దొరకలేదు."

"ఎవరు చేశారు శుభ్రం?"

"ముగ్గురం చేశాం. మీ నాన్న, మల్లేశన్న, నేను."

అటు వైపు వెనక ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు. "నాన్న నాకు చెప్పలేదు" అంది. తర్వాత, "ఫొటోలో సరిగ్గా తెలియట్లేదు. ఇప్పుడు అమ్మ దగ్గర ఎన్నున్నాయి?" అంది.

ఫోన్ చెవికి పెట్టుకునే వంగి, తల వైపు నుంచి ఒక్కొక్కటీ వేలితో ముట్టుకుంటూ లెక్కపెట్టాను. నలభై మూడు.